పాదం నొప్పికి ఇంటర్వెల్ ఎక్కడ?

సినిమాలో కథానాయకుడు పరుగు నేర్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో మీరెప్పుడైనా వాచీ పెట్టుకుని చూశారా? నేను చూశాను. ఒక్క పాట! పల్లవిలో ఆయాసపడుతూ రోడ్డు పక్కన కూలబడ్డ కుర్రాడు మొదటి చరణంలో మెట్లెక్కుతాడు, రెండో చరణంలో వానలో పరుగెడతాడు, పాట అయ్యేసరికి తెల్లగీత మీద వేళ్లానించి తుపాకీ మోత కోసం ఎదురు చూస్తుంటాడు. మధ్యలో ఎక్కడో కాలికి దెబ్బ తగులుతుంది. రక్తం కూడా కారుతుంది. ఆయనగారు పళ్లు బిగించి, చొక్కా చింపి కట్టు కట్టుకుని మళ్లీ పరుగు! హాలంతా ఈలలు. ఆ ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచడం దేనికి?

అలా ఈలలు వేసీ వేసీ, ఒకసారి మా మేనకోడలి పాదం విరగ్గొట్టినంత పని చేశాను. ఆ ముచ్చటే ఈ వారం మీకు చెప్పబోతున్నాను.

మా అక్క కూతురు డిగ్రీ పూర్తిచేసి, 2022లో సూర్యాపేట నుంచి ఒక చేత బట్టల సంచీ, ఒక చేత పుస్తకాల సంచీ పట్టుకుని హైదరాబాదులో మా ఇంట్లో దిగింది. అప్పటికి పిల్లకి 21 ఏళ్లు. విద్యానగర్‌లో రెండు గదుల వాటా మాది. అందులో నేను, మా అమ్మ, నేను దాచుకున్న పాత సినిమా పత్రికల కట్టలు. నేను ఏ పత్రికలోనూ ఉద్యోగిని కాను. రాసిన ముక్కకి డబ్బులిచ్చేవాళ్లకి రాస్తాను. ఇవ్వనివాళ్లకీ రాస్తాను, అది వేరే కథ!

ఆ ఏడాది తెలంగాణలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలు పడ్డాయి. ఆగస్టులో మొదటి పరీక్ష రాసింది, గట్టెక్కింది. ఇక మిగిలింది కుర్రాళ్ల భాషలో చెప్పాలంటే ‘ఈవెంట్స్’. ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. మగపిల్లలకైతే 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. ఆ పరుగు తప్పారా, లాంగ్‌జంప్ దాకా, షాట్‌పుట్ దాకా పోనేపోరు. చదివిన చదువంతా ఆ అయిదు నిమిషాల ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే!

తెల్లవారుజామున నాలుగున్నరకి ఉస్మానియా యూనివర్సిటీలోకి వెళ్లి చూసినవాళ్లకి తెలుస్తుంది ఆ సందడి. ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని మనం ఎన్ని సినిమాల్లో చూశామో లెక్కలేదు గాని, దాని ముందు రోడ్డు మీద ఆ చీకట్లో పరుగెత్తే పిల్లలని ఏ కెమెరా చూసిందో నాకు తెలియదు. వందలమంది. కొందరి కాళ్లకి మంచి బూట్లు, కొందరికి అతుకుల బూట్లు, కొందరికి అవీ లేవు. ఫోన్‌లో వాచీ నొక్కి నిలబడ్డ తమ్ముళ్లు, నీళ్ల సీసాలు పట్టుకున్న తండ్రులు. నేనూ అందులో ఒక మేనమామని.

అందరికీ వచ్చే నొప్పేగా!

నాకు అప్పుడు పరుగు విషయంలో కాస్త పొగరుండేది. ఆ ఏడాదే 21 కిలోమీటర్ల పరుగు ఒకటి పూర్తిచేశాను. అదీ మడమ నొప్పితో! పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ కింద మేకు దిగినట్టుండేది. పది అడుగులు వేసేసరికి సగం పోయేది. పరుగు మొదలుపెట్టి ఒళ్లు వేడెక్కాక ఉందో లేదో తెలిసేది కాదు. దూరం తగ్గించాను, పిక్కలు సాగదీశాను, చల్లని నీళ్ల సీసాని పాదం కింద దొర్లించాను, కొత్త బూట్లు కొన్నాను. మెల్లమెల్లగా తగ్గింది. దాంతో నేను పాదాల డాక్టర్నయిపోయానన్నమాట!

నవంబరు చివర ఒకరోజు పిల్ల పరుగు ఆపి గట్టు మీద కూర్చుంది.

“మామా, కాలు నొస్తుంది.”

“ఎక్కడ?”

“పాదం మీద.”

“మొదట్లో అంతే బిడ్డా. నాకు నొయ్యలేదా? పరుగెత్తుతుంటే అదే పోతుంది.”

పిల్ల లేచింది. ఇంకో రెండు రౌండ్లు కొట్టింది. నేను గర్వంగా చూశాను. మనసులో నేపథ్య సంగీతం కూడా వినిపించింది కాబోలు!

వారం గడిచింది. నా నొప్పి పరుగెత్తేకొద్దీ తగ్గేది. పిల్లకి పరుగెత్తేకొద్దీ పెరుగుతోంది. మొదట రెండో రౌండులో వచ్చేది, తర్వాత మొదటి రౌండులోనే వచ్చింది, తర్వాత మెట్లెక్కుతుంటే, చివరికి రాత్రి పడుకుంటే కూడా. పాదం మీద కాస్త వాపు. మా అమ్మ ఆముదం రాసి గుడ్డ చుట్టింది. గ్రౌండులో పిల్లలకి పరుగు చెప్పే ఒకాయన “పరుగుకి అరగంట ముందు ఒక నొప్పి మాత్ర వేసుకో, ఏం తెలీదు” అన్నాడట. ఏం తెలియకపోవడమే అక్కడ ప్రమాదమని అప్పట్లో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

ఒకనాటి పొద్దున పిల్ల కుంటుతూ పరుగెత్తుతోంది. కుడి పాదం మామూలుగా, ఎడమ పాదం అంచు మీద. అది చూశాక నా నేపథ్య సంగీతం ఆగిపోయింది.

అరచెయ్యా? ఒక్క వేలా?

ఎముకల డాక్టరుగారు పెద్దాయన. కాలు పట్టుకోలేదు, ఎక్స్‌రే అడగలేదు. ముందు నావైపు తిరిగారు.

“మీకూ మడమ నొప్పి ఉండేదన్నారు కదా, ఎక్కడో చూపించండి.”

నేను అరచేత్తో మడమంతా తడిమి చూపించాను.

“నువ్వు చూపించమ్మా.”

పిల్ల చూపుడువేలు తీసి పాదం మీద ఒక్క చోట పెట్టింది. బొటనవేలి పక్క వేలికి వెనకాల, పాదం మధ్యలో. రూపాయి బిళ్ల కంటే తక్కువ చోటు.

డాక్టరుగారు అక్కడ బొటనవేలితో నొక్కారు. పిల్ల కుర్చీ చేతులు పట్టుకుంది. “లేచి ఆ కాలి మీద ఒక్కసారి గెంతు” అన్నారు. గెంతబోయి బల్ల పట్టుకుంది.

“అరచేత్తో చూపించే నొప్పి చాలాసార్లు కండరాలదో, నరాల్లాంటి పట్టీలదో అవుతుంది. ఒక్క వేలితో చూపించారంటే నేను ఎముక గురించి ఆలోచిస్తాను” అన్నారాయన. అన్నిసార్లూ ఈ లెక్కే నిజం కాదని, అందుకే గెంతించి చూశానని కూడా చెప్పారు.

ఎక్స్‌రే తీయించారు. ఏమీ లేదు! నా ప్రాణం లేచొచ్చింది. ఆయన ప్రాణం మాత్రం అక్కడే ఉంది. ఎముక మీద పడే ఈ సన్న బీట మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చట. ఎమ్మారై తీస్తే తెలుస్తుంది, దానికి డబ్బులవుతాయి. “తీసినా తీయకపోయినా నేను చెప్పేది ఒకటే, పరుగు ఆపాలి” అన్నారు.

తర్వాత ఆయన చెప్పిన సంగతులు వింటుంటే ఏదో పాత సినిమా ఫ్లాష్‌బ్యాక్‌లా ఉంది. ఒక్కో పాదంలో 26 ఎముకలు. మనం పరుగెత్తుతున్నప్పుడు ఎముక కూడా కంటికి కనబడనంత సన్నగా అరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ కట్టుకుంటుంది. ఊపిరితిత్తులకి పరుగు కొన్ని వారాల్లో అలవాటవుతుంది. ఎముక గట్టిపడ్డానికి నెలలు పడుతుంది. పిల్లకి ఆయాసం తగ్గింది కదా అని దూరం రెట్టింపు చేశాం. మొదటి పరీక్ష ఫలితాలు వచ్చిన ఉత్సాహం! ఎముకకి ఆ ఫలితాల సంగతి ఎవరు చెప్పారు?

1855లోనే బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, దూరాలు కవాతు చేసిన సిపాయిల పాదాలు ఇలాగే వాచి నొప్పెట్టడం చూసి రాసిపెట్టాడట. అప్పటికి ఎక్స్‌రే అన్నదే లేదు. అది 1895లో కదా వచ్చింది! ఆ తర్వాతే అది ఎముక బీట అని తేలింది. దాన్ని ఇప్పటికీ ‘మార్చ్ ఫ్రాక్చర్’ అంటారు. పోలీసు కాబోయే పిల్లకి సిపాయిల జబ్బు ముందే వచ్చిందన్నమాట!

ఇంకో ప్రశ్న అడిగారాయన. రాత్రిపూట ఏం తింటున్నావని. పిల్ల నావైపు చూడకుండా “ఏం తినను సార్, బరువు తగ్గాలని” అంది. నెలసరి సరిగా వస్తోందా అంటే రెండు నెలలుగా లేదంది. మా ఇంట్లో, మా అమ్మ కళ్ల ముందు, నా కళ్ల ముందు! తిండి చాలక, నెలసరి ఆగిన ఆడపిల్లల ఎముకలు బీట ఇవ్వడానికి తొందరపడతాయని డాక్టరుగారు చెబుతుంటే నేను నేల చూపులు చూశాను.

24 రోజులు

అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. పిల్ల పరుగుకి పిలుపు డిసెంబరు చివరి వారంలో. మేము డాక్టరు గదిలో కూర్చున్న రోజుకి ఇంకా 24 రోజులు.

“ఆ రోజు పరుగెత్తొచ్చా సార్?”

“అది మూడు రోజుల ముందు చెబుతాను. ఇవాళ్టి నుంచి మాత్రం పరుగు లేదు. ఇప్పుడు ఇది మొదట్లో ఉంది, ఆపితే కట్టుకుంటుంది. విరిగిందా, ఆరు నుంచి ఎనిమిది వారాలు.”

బస్సులో పిల్ల ఏడ్చింది. నాకు అర్థమైంది. నాలాంటివాడు పందెం మానుకుంటే పోయేది పందెం కట్టిన డబ్బు. ఆ పిల్లకి పోయేది ఉద్యోగం. మళ్లీ ఎప్పుడు పడతాయో తెలియని ఉద్యోగం. “విశ్రాంతి తీసుకో” అని చెప్పడం ఎంత సుఖం! తీసుకునేవాళ్లకి కదా తెలిసేది.

ఆ రాత్రి ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. 800 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద రెండు రౌండ్లు. 5 నిమిషాల 20 సెకన్లంటే రౌండుకి 2 నిమిషాల 40 సెకన్లు. నొప్పి రాకముందు పిల్ల పరుగు 4 నిమిషాల 10 సెకన్లు. అంటే చేతిలో 70 సెకన్లు మిగులున్నాయి! ఇది ఒలింపిక్స్ కాదు, మొదట వచ్చినవాళ్లకి ఒక ఉద్యోగం, చివర వచ్చినవాళ్లకి సున్నా అని లేదు. గీత దాటితే చాలు. ఈ 24 రోజుల్లో పిల్ల వేగం పెంచుకోనక్కర్లేదు, ఉన్నది పోగొట్టుకోకుంటే చాలు. ఈ చిన్న లెక్క మొదటి రోజే వేసి ఉంటే ఇంత దాకా వచ్చేదా?

“అయితే మామా, 70 సెకన్లు మనం ఖర్చు పెట్టుకోవచ్చు” అంది. ఆ మాటకి నిద్రపట్టింది ఇద్దరికీ.

పరుగు లేదు గాని పని ఉంది. పక్కింటి కుర్రాడి సైకిలుకి కింద స్టాండు వేసి, ఇంట్లోనే రోజూ ముప్పావు గంట తొక్కింది. నొప్పి రాని పని ఏదైనా చెయ్యొచ్చని డాక్టరుగారి మాట. 4 కిలోల గుండుని నిలబడ్డచోటి నుంచి విసరడం నేర్చుకుంది, 4 మీటర్లు పడాలి. లాంగ్‌జంప్ 2.50 మీటర్లు. ఎప్పుడూ ఎడమ కాలితో లేచే పిల్ల. ఈసారి కుడి కాలితో లేవాలని నిర్ణయం. గెంతకుండానే అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి నడిచి అలవాటు చేసుకుంది. మా అమ్మ రాత్రి పూట పక్కన కూర్చుని, పప్పన్నం ముద్దలు లెక్కపెట్టి మరీ తినిపించింది.

పదో రోజున పిల్ల నాకు తెలియకుండా వీధి చివరి దాకా పరుగెత్తి చూసుకుంది. నొప్పి వచ్చింది. ఇంటికొచ్చి తానే చెప్పింది. నేను కోప్పడలేదు. ఆమెని పరుగెత్తించింది ఎవరు?

వెండితెర కత్తిరించిన ముక్క

ఆ రోజుల్లోనే రాత్రిళ్లు ఇద్దరం సినిమాలు చూశాం. 1991లో వచ్చిన ‘అశ్విని’ పెట్టాను. మౌళి దర్శకత్వంలో వచ్చిన చిత్రం. విశేషమేమిటంటే అందులో నాయికగా వేసిన అశ్వినీ నాచప్ప నటి అయ్యాక పరుగు నేర్చుకోలేదు, దేశం తరఫున పరుగెత్తి వచ్చి నటించింది. ఆ తర్వాత 1993లో ‘ఇన్‌స్పెక్టర్ అశ్విని’లో పోలీసు దుస్తులూ వేసుకుంది. “చూశావా, ముందు పరుగు, తర్వాత పోలీసు!” అన్నాను. పిల్ల నవ్వింది. చాలా రోజులకి.

‘భాగ్ మిల్ఖా భాగ్’లో దెబ్బతిన్న కాలితో పరుగెత్తే ఘట్టం వచ్చినప్పుడు మాత్రం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

‘మయూరి’ మళ్లీ చూడాలనిపించింది. 1985 నాటి సింగీతం శ్రీనివాసరావుగారి చిత్రం. సుధా చంద్రన్ కథని సుధా చంద్రనే నటించిన సినిమా. కృత్రిమ పాదంతో నాట్యం చేసిన ఆ అమ్మాయిని చూసి కంట తడి పెట్టనివాళ్లు ఎవరు? కానీ ఈసారి నేను తేదీలు చూశాను. ప్రమాదం 1981లో. మళ్లీ వేదిక ఎక్కింది 1984లో. సినిమా అయితే రెండున్నర గంటల్లో ముగించాలి, తప్పదు. దర్శకుణ్ణి అనడానికి లేదు. మూడేళ్లపాటు ఒక మనిషి కూర్చోవడం, నిలబడడం, పడడం, మళ్లీ కూర్చోవడం చూపిస్తే టిక్కెట్టు ఎవరు కొంటారు?

క్రీడల్లోనూ ఇదే తంతు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అమెరికా కుర్రాడు మాంటియో మిచెల్ 4×400 రిలే తొలి పోటీలో పరుగెత్తుతుండగా సగంలో కాలి ఎముక విరిగింది. ఆగలేదు. రౌండు పూర్తిచేసి కర్ర అందించాడు. జట్టు ఫైనల్‌కి వెళ్లి వెండి పతకం తెచ్చుకుంది. ప్రపంచమంతా చప్పట్లు! అదే ఒలింపిక్స్‌కి మారథాన్ రాణి పౌలా రాడ్‌క్లిఫ్ పాదం బాగాలేక, సొంత దేశంలో జరుగుతున్న పోటీకే, రానని చెప్పేసింది. ఆ నిర్ణయానికి ఎవరైనా ఈల వేశారా? నేను వెయ్యలేదు. ఆ రోజు ఆ వార్త చదివి పేజీ తిప్పేశాను.

మన తారల సంగతీ అంతే. 2025 జనవరిలో రష్మిక మందన్న జిమ్‌లో పాదం దెబ్బ తగిలి, హైదరాబాదు విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో కనబడితే ఆ బొమ్మని అందరం చూశాం. ఇంట్లో కాలు ఎత్తుగా పెట్టుకుని పడుకున్న రోజుల్ని ఎవరు చూస్తారు?

ఆ రోజు

మూడు రోజుల ముందు డాక్టరుగారు మళ్లీ బొటనవేలితో నొక్కారు. పిల్ల మొహంలో ఏమీ లేదు. ఎడమ కాలి మీద పదిసార్లు గెంతమన్నారు. గెంతింది. “రేపు ఒక రౌండు మెల్లగా. మర్నాడు పొద్దున నొప్పి లేకపోతే వెళ్లు. ఉంటే నేను వద్దంటాను, నువ్వు వింటావో లేదో నీ ఇష్టం” అన్నారు.

లేదు. వెళ్లింది.

మేమంతా గేటు బయటే. లోపల ఏం జరుగుతోందో కనబడదు. అక్క సూర్యాపేట నుంచి వచ్చింది. ఒక్క ముక్క మాట్లాడకుండా కొంగు ముడి వేసుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. పదిన్నరకి పిల్ల బయటికి వచ్చింది. 4 నిమిషాల 48 సెకన్లు. 70 సెకన్లలో 38 ఖర్చయ్యాయి. కుడి కాలితో లేచి జంపూ దాటేసింది, గుండూ విసిరేసింది.

ఇక్కడ శుభం కార్డు వేసేద్దామంటే ఒక అమ్మాయి అడ్డొస్తోంది. మా పిల్లతో పాటు అదే గ్రౌండులో పరుగెత్తిన అమ్మాయి. ఆమెకీ ఇదే నొప్పి. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. మాత్రలు మింగి రోజూ పరుగెత్తింది, పరీక్ష రోజూ పరుగెత్తింది, పాసయింది! తర్వాత రెండు నెలలు కాలికి కట్టుతో, ఏప్రిల్‌లో జరగాల్సిన రాత పరీక్షకి మంచం మీదే చదువుకుంది.

మా పిల్ల అడిగింది. “ఆమె కూడా పాసయింది గదా మామా. మరి నేను 24 రోజులు ఏడ్చింది దేనికి?”

నా దగ్గర సమాధానం లేదు. ఆ అమ్మాయి ఎముక రెండో రౌండులో కాకుండా గీత దాటాక విరిగింది. ముందే విరిగి ఉంటే? విరగలేదు మరి. ఆ తర్వాత ఒకసారి డాక్టరుగారిని కలిసినప్పుడు ఇదే అడిగాను. “పందెంలో గెలిచినవాళ్లే వచ్చి చెబుతారండీ. ఓడినవాళ్లు నా దగ్గరికి వస్తారు” అన్నారు.

మా పిల్లకి ఉద్యోగం వచ్చింది. 2024లో శిక్షణకి వెళ్లింది. అక్కడ రోజూ తెల్లవారకముందే పరుగు, ఆపైన డ్రిల్లు. ఒక ఆదివారం ఫోను చేసింది.

“మామా, మా రూములో ఒకామె పాదం నొస్తుందంటుంది. పరుగెత్తితే పోతదని అందరూ చెబుతున్నరు.”

“నువ్వేం చెప్పావు?”

“ఒక్క వేలితో చూపెట్టమన్న.”

“చూపించిందా?”

“అరచెయ్యి పెట్టింది మామా, మడమంతా. అయినా గెంతించి చూసిన. మంచిగనే గెంతింది. నీ నీళ్ల సీసా వైద్యం చెప్పిన.”